మందిరం బయట ఆగిన డోలు

చర్చికి వెళ్ళేవాళ్ళు థింసా ఆడవచ్చా? మన ఏజెన్సీ ఊళ్ళలో ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇటుకల పండుగ దగ్గర పడ్డప్పుడల్లా ఏదో ఒక ఇంట్లో లేస్తుంది. అన్న తుడుం భుజానికి తగిలించుకుంటాడు, తమ్ముడు అది లోకసంబంధమైన పని అని గడప దాటడు. ఒకరు రెండోవారిని "దేవుణ్ణి వదిలేశావు" అంటే, రెండోవారు మొదటివారిని "జాతిని వదిలేశావు" అంటారు. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలే. మా హాస్టల్లో ఇంటర్ చదివే ఆడపిల్లలు కూడా సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక ఇదే తగవు వేసుకుంటుంటారు. నేను తీర్పు చెప్పను. దానికి బదులు వాళ్ళకు చెప్పే ఒక చరిత్ర ఉంది. ఈ జ్ఞాపక సంచికలో అదే మీకూ చెబుతాను. మనలాగే కొండల మీద పోడు కొట్టుకుని బతికిన ఒక జాతి ఈ ప్రశ్నతో పాతికేళ్ళకు పైగా పెనుగులాడింది. వాళ్ళు ఈశాన్యంలోని మిజోలు.

ముందు 'లోకం' అనే మాట సంగతి చూద్దాం. యోహాను సువార్త మూడో అధ్యాయంలో దేవుడు లోకాన్ని ప్రేమించాడని ఉంది. అదే యోహాను పేరున్న మొదటి పత్రిక రెండో అధ్యాయంలో లోకాన్ని ప్రేమించవద్దని ఉంది. గ్రీకులో రెండు చోట్లా ఒకే మాట, కాస్మోస్. మరి దేవుడు ప్రేమించినదాన్ని మనం ప్రేమించకూడదా? మొదటి చోట లోకమంటే మనుషులు. రెండో చోట లోకమంటే ఒక నడవడి. అదేమిటో పత్రికే చెబుతుంది: శరీరపు ఆశ, కంటికి కనిపించిందల్లా కావాలనే ఆశ, ఉన్నదని చూసుకుని మిడిసిపడే గర్వం. ఆ జాబితాలో డోలు లేదు, పాట లేదు, ఏ జాతి కట్టూబొట్టూ లేదు. రోమా పత్రిక పన్నెండో అధ్యాయంలో పౌలు లోకపు తీరులో ఇమిడిపోవద్దు అన్నప్పుడు ఇంకో గ్రీకు మాట వాడాడు. దానికి 'యుగం', 'కాలం' అని అర్థం. అంటే నడుస్తున్న కాలం ఎటు తోస్తే అటు పోవద్దని.

ఇంకొక్క వాక్యం గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని ఉంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివర, నిజమైన భక్తి ఏదో చెబుతూ రెండు పనులు పక్కపక్కనే పెట్టారు. ఒకటి, ఇబ్బందిలో ఉన్న అనాథలనూ విధవరాళ్ళనూ ఆదుకోవడం. రెండోది, లోకపు మరక అంటకుండా తనను తాను కాపాడుకోవడం. మనవాళ్ళు రెండో సగం మీద ప్రసంగాలు చాలా చేస్తారు. మొదటి సగం క్రిస్మస్‌కు దుప్పట్లు పంచేటప్పుడు గుర్తుకొస్తుంది.

ఇక మిజోల దగ్గరికి వెళ్దాం. ఇప్పటి మిజోరం రాష్ట్రాన్ని బ్రిటిష్‌వాళ్ళు లుషాయ్ కొండలు అనేవారు. ఒక పక్క బర్మా, ఇంకో పక్క ఇప్పటి బంగ్లాదేశ్. కచార్ మైదానంలో తేయాకు తోటలు కొండల వైపు పాకడం, కొండవాళ్ళు దిగివచ్చి దాడులు చేయడం, 1871-72లో ఒకసారి, 1889-90లో మరోసారి సైన్యం ఎక్కి రావడం, చివరికి ఆ కొండలు బ్రిటిష్ పాలన కిందికి పోవడం జరిగాయి. మన్యంలో జరిగినదాన్ని చదివినవారికి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.

ప్రతి ఊరికీ ఒక లాల్, అంటే దొర, ఉండేవాడు. పండిన ధాన్యంలో భాగం, వేటలో పడ్డ జంతువు మాంసంలో భాగం ఆయనకు పోవాలి. ఊరి నడుమ జోల్‌బుక్ అనే పెద్ద ఇల్లు ఉండేది. పెళ్ళికాని మగపిల్లలంతా రాత్రి అక్కడే పడుకోవాలి. చిన్నపిల్లలు దానికి కట్టెలు మోయాలి, పెద్దపిల్లలు వాళ్ళకు కుస్తీ, వేట, క్రమశిక్షణ నేర్పాలి. ఏ ఇంటికి ఆపద వచ్చినా జోల్‌బుక్ కుర్రాళ్ళే ముందు పరుగెత్తాలి. హాస్టల్ నడిపే మనిషిగా ఈ ఏర్పాటు గురించి చదివినప్పుడు నాకు కొంచెం అసూయ కలిగింది. ప్రభుత్వ జీవో లేదు, మెస్ చార్జీల బిల్లు లేదు, ఒక జాతి తన పిల్లలకు తానే హాస్టల్ పెట్టుకుంది. అక్కడ నేర్పే గుణానికి త్లోమ్‌ఙైనా అని పేరు. అడగకుండానే ఎదుటివాడి కోసం ముందుకు పోవడం, తన కష్టాన్ని చెప్పుకోకపోవడం అని స్థూలంగా అర్థం. (అక్షరమాలలో మనం దిద్ది, తర్వాత ఎక్కడా వాడని 'ఙ' వాళ్ళకు నిత్యం పనికొస్తుంది!)

వాళ్ళకు పథియన్ అనే పైదేవుడు ఉన్నాడు. ఆయన మంచివాడే గానీ దూరంగా ఉండేవాడు. దగ్గరుండి పీడించేవి రామ్‌హువైలు. చెట్టులో, రాతిలో, నీటిమడుగులో ఉండే దయ్యాలు. జ్వరం వస్తే ఏ రామ్‌హువై పట్టిందో కనిపెట్టి కోడినో పందినో బలి ఇవ్వాలి. రోగం తగ్గకపోతే ఇంకో బలి. బీదవాడి ఇల్లు అలా గుల్లయ్యేది.

1894 జనవరిలో ఇద్దరు ఆంగ్ల యువకులు ఐజ్వాల్ చేరారు. పేర్లు లోరైన్, సావిడ్జ్. వాళ్ళను పంపినాయన రాబర్ట్ ఆర్థింగ్టన్, లీడ్స్ నగరంలో పెద్ద ఆస్తిపరుడు. ఆయన సంగతి ఒక్క మాట చెప్పాలి. అంత డబ్బు పెట్టుకుని పరమ పిసినారిలా బతికాడని ఊరంతా నవ్వేది. ఆ మిగిల్చినదంతా దూరదేశాల మిషన్లకే పోయింది. లోకాన్ని ప్రేమించవద్దన్న మాటను ఆయన మొదట తన జేబు మీదే ప్రయోగించుకున్నాడు. అలాంటి భక్తుల గురించి మనం తక్కువ వింటాం.

ఆ ఇద్దరూ నాలుగేళ్ళు ఉండి, రాత లేని మిజో భాషకు రోమన్ అక్షరాలతో లిపి కట్టారు. లూకా, యోహాను సువార్తలు, అపొస్తలుల కార్యాలు అనువదించారు, నిఘంటువు తయారుచేశారు. 1897 చివర్లో వెళ్ళిపోయారు, కొన్నేళ్ళకు దక్షిణాన లుంగ్లేకి మళ్ళీ వచ్చారు. ఉత్తరాన వాళ్ళ చోటికి వేల్స్ దేశపు మిషను తరఫున డి.ఇ. జోన్స్ వచ్చాడు. 1899లో ఖూమా, ఖారా అనే ఇద్దరు మొదటి బాప్తిస్మం తీసుకున్నారు.

అనువాదంలో దేవునికి ఏ పేరు పెట్టాలన్నప్పుడు మిషనరీలు బయటి పేరు తేలేదు. పథియన్ అనే రాశారు. మిజోలు తమ తాతలు ఎరిగిన పేరుతోనే ప్రార్థించారు. పాపం నుంచి విడుదల అని బోధిస్తే మొదట్లో వాళ్ళకు ఎక్కలేదని, రామ్‌హువైల కన్నా బలవంతుడు క్రీస్తు అని చెప్పినప్పుడే చెవి ఒగ్గి విన్నారని లోరైనే తర్వాత రాశాడు. బలుల భారం మోసి అలసినవాళ్ళకు ఆ మాట ఎంత చల్లగా తగిలి ఉంటుందో ఆలోచించండి. ఈ మేరకు సువార్త వాళ్ళకు నిజంగా సువార్తే.

అయితే పేరు ఉంచుకున్నారు గానీ, అలవాట్ల దగ్గర గీత గట్టిగా గీశారు. క్రైస్తవుడంటే ఎవరు? బలి ఇవ్వనివాడు, ఆదివారం పోడుకు పోనివాడు, జూ తాగనివాడు. జూ అంటే బియ్యం పులియబెట్టి చేసేది, కల్లు లాంటిది. పెళ్ళికి, చావుకు, కోతకు, వేటకు, దొర ఇంటి విందుకు జూ ఉండాలి. అది లేకపోతే పండుగే కాదు. దాన్ని మానడమంటే ఊరి బంతిలోంచి లేచి వెళ్ళడమే. కొందరు దొరలకు ఇది ధిక్కారంగా కనిపించింది. ఆదివారం పనికి రామన్నవాళ్ళ మీద కోపగించారు. కొన్ని ఊళ్ళలో క్రైస్తవ కుటుంబాలను వెళ్ళగొట్టారు. వానాకాలంలో ఇల్లూ గాదే వదిలి, పిల్లల్ని ఎత్తుకుని ఇంకో ఊరు వెతుక్కోవడం మాటలు కాదు. వాళ్ళు వెళ్ళారు గానీ నమ్మకం మార్చుకోలేదు. జూ బదులు టీ వచ్చింది. క్రైస్తవుల విందు అంటే టీ, మాంసం, పాటలు.

జూ మానడం గురించి నేను తేలిగ్గా మాట్లాడను. సంక్రాంతి సెలవుల తర్వాత హాస్టలుకు తిరిగి రాని పిల్లల్ని వెతుక్కుంటూ ఊళ్ళకు వెళ్ళే నాలాంటి వాళ్ళకు తాగుడు ఏం చేస్తుందో తెలుసు. గుర్రాన్ని కళ్ళెం పెట్టి ఆపినట్టు ఒక జాతి తన తాగుడును తాను ఆపుకోవడం చిన్న విషయం కాదు. మిజోరం రాష్ట్రంలో చర్చిల ఒత్తిడితో 1997లో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. మధ్యలో కొన్నేళ్ళు సడలినా 2019లో మళ్ళీ తెచ్చారు. ఆ పట్టుదల వేళ్ళు ఇక్కడున్నాయి.

చిక్కు అంతా డోలు దగ్గర వచ్చింది. మిజోల డోలును ఖువాంగ్ అంటారు. దుంగను తొలిచి, రెండు వైపులా చర్మం బిగించి చేస్తారు. జూ కుండ ఎక్కడుంటే డోలు అక్కడ మోగేది, డోలు ఎక్కడ మోగితే పాత పాటలు అక్కడ లేచేవి. కాబట్టి కుండతో పాటు డోలునూ పాటనూ కలిపి లోకం అన్నారు. ప్రార్థనలో వేల్స్ కీర్తనల అనువాదాలు, వాటి బాణీలు, సోల్‌ఫా పద్ధతి స్వరాలు. మిజో గొంతులకు ఆ బాణీల్లోని కొన్ని స్వరాలు సరిగా పలికేవి కావు. అయినా పాడారు. డోలు మందిరం బయటే ఆగిపోయింది.

1906లో ఒక మలుపు వచ్చింది. రెండేళ్ళ ముందు వేల్స్‌లో మొదలైన ఉజ్జీవం ఖాసీ కొండలకు పాకింది. అక్కడ మైరాంగ్‌లో జరిగిన సభలకు కొందరు మిజో విశ్వాసులు రోజుల తరబడి నడిచి వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చాక ఐజ్వాల్‌లో ప్రార్థనలు ఆగలేదు. ఏడుపులు, ఒప్పుకోళ్ళు, చేతులెత్తి ఊగడాలు, చిందులు వచ్చాయి. డోలును బయట ఆపగలిగారు గానీ కాళ్ళను ఆపలేకపోయారు.

రెండేళ్ళకే ఎదురుగాలి వీచింది. 1908 ప్రాంతంలో పూమా జై అనే పాటల అల కొండలన్నీ చుట్టేసింది. పాట చివర 'పూమా' అనే మాట వస్తుంటుంది. దొరలు దాన్ని ఎత్తుకున్నారు. విందులు పెట్టారు, జూ పోశారు. ఊరూరా యువత వలయాలుగా ఆడింది. ఉజ్జీవపు చిందుల్ని వెక్కిరిస్తూ కొందరు పాడారు. మందిరాలు పలచబడ్డాయి. చర్చి చరిత్ర రాసినవాళ్ళు దీన్ని లోకం తిరగబడడం అన్నారు. నాకు అంత సూటిగా అనిపించదు. పాట అనేది మిజోకు ఊపిరి. ఒక పక్క నుంచి దాన్ని మూసేస్తే ఇంకో పక్క నుంచి పొంగింది. దొరలు దాన్ని తమ పెత్తనం నిలుపుకోవడానికి వాడుకున్నారన్నది నిజమే. కానీ ఆ రాత్రుళ్ళు ఆడిన పిల్లలందరూ దేవుని మీద పగతో ఆడారనుకోవడం అన్యాయం.

డోలు మీద, పాట మీద ఇంత చర్చ నడుస్తున్న అవే సంవత్సరాల్లో ఆ కొండల్లోనే ఇంకో సంగతి జరిగింది. నా దృష్టిలో లోకాన్ని ఎదిరించడం అనే మాటకు అసలు పరీక్ష అదే. కొంచెం నిదానంగా చెబుతాను.

మిజో దొరల ఇళ్ళలో 'బోయి' అనేవాళ్ళు ఉండేవారు. పల్లకీలు మోసే మన బోయీలకూ ఈ మాటకూ సంబంధం లేదు. కరవులో తిండి లేక, దిక్కు లేక దొర పంచన చేరినవాళ్ళు వీళ్ళు. ఎక్కువమంది విధవరాళ్ళు, అనాథలు, వాళ్ళ సంతానం. హత్య చేసి ప్రాణభయంతో దొర ఇంట్లోకి పరుగెత్తి వచ్చి ఆశ్రయం పొందినవాళ్ళు ఇంకో రకం. యుద్ధంలో ఓడిన పక్షం విడిచి ఈ పక్షాన చేరినవాళ్ళు మరో రకం. దొర అన్నం పెడతాడు, వాళ్ళు పనిచేస్తారు. వెళ్ళిపోవాలంటే నలభై రూపాయలో, ఒక గయాల్ పశువో ఇవ్వాలి. ఆ రోజుల్లో ఒక పేద కొండమనిషికి నలభై రూపాయలంటే జన్మంతా కూడబెట్టినా రానిది. తల్లి బోయి అయితే బిడ్డలూ బోయిలే.

మన విశాఖ, కోరాపుట్ కొండల్లో అప్పు కింద మనిషిని కట్టిపడేసే గోతి పద్ధతి మీ తాతలు చెప్పి ఉంటారు. దాన్ని ఆపడానికి మద్రాసు ప్రభుత్వం 1940లో రెగ్యులేషన్ తేవలసి వచ్చింది, ఆ తర్వాత దేశమంతటికీ 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. రెండూ ఒకటే కాదు. అయినా గోతి సంగతి విన్నవారికి బోయి బతుకు అర్థమవుతుంది.

1908 చివర పీటర్ ఫ్రేజర్ అనే వైద్యుడు వేల్స్ మిషను తరఫున ఐజ్వాల్ వచ్చాడు. రోగుల్ని చూసే క్రమంలో బోయిల బతుకు చూశాడు. ఇది బానిసత్వం, బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయి డెబ్బై ఏళ్ళు దాటింది, ఇక్కడ ఎలా సాగుతోంది అని అడిగాడు. కొందరి విడుదల సొమ్ము తానే కట్టాడు. క్రైస్తవులైన దొరల్ని బోయిలను వదిలిపెట్టమని అడిగాడు. అలా వదిలినవాళ్ళూ ఉన్నారు.

కొండల సూపరింటెండెంట్ కోల్ దొరకు ఇది నచ్చలేదు. ఆయన వాదన వినండి, ఎందుకంటే ఇలాంటి వాదనలు ఇప్పటికీ వింటాం. ఇది బానిసత్వం కాదు, కొండజాతుల్లో బీదల్ని పోషించే పాత ఏర్పాటు. దొర పెట్టకపోతే వీళ్ళు ఆకలితో చస్తారు. దొరల మాట చెల్లకపోతే కొండల పాలనే నడవదు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కరవు కాలంలో దొర గాదె చాలామంది ప్రాణం నిలిపింది. కానీ అన్నం పెట్టినవాడు వెళ్తానన్న మనిషిని నలభై రూపాయలు అడిగాడంటే, పెట్టినది అన్నమో అప్పో మీరే చెప్పండి.

ఇలాంటి విషయాల్లో తలదూర్చనని సంతకం పెట్టమని అధికారులు ఫ్రేజర్‌ను అడిగారు. ఆయన పెట్టలేదు. ప్రభుత్వంతో తగవు పెట్టుకోవడానికి మిషను పెద్దలు సిద్ధపడలేదు. కొండల్లో పని సాగాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి కదా. 1912లో ఫ్రేజర్ కొండలు దిగి వెళ్ళిపోవలసి వచ్చింది. స్వదేశంలో పార్లమెంటు సభ్యులకు మొరపెట్టాడు, 1913లో బ్రిటిష్ నేలమీద బానిసత్వం గురించి ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. ప్రభుత్వం మొదట మాటలు మార్చింది, నిబంధనలు సవరించింది. నానాజాతి సమితి 1926లో బానిసత్వానికి వ్యతిరేకంగా ఒప్పందం తెచ్చాక, ఆ దశాబ్దం ముగిసేలోపు ఆ పద్ధతి పోయింది.

ఇప్పుడు యాకోబు వాక్యాన్ని పక్కన పెట్టి చూడండి. లోకపు మరక అంటకూడదని డోలును బయట ఆపారు. అదే వాక్యంలో ముందు సగంలో ఉన్న అనాథలూ విధవరాళ్ళూ దొర ఇంటి చాకిరిలో ఉన్నారు. వాళ్ళ కోసం నిలబడ్డ వైద్యుణ్ణి సాగనంపేటప్పుడు సంస్థ మౌనంగా ఉంది. నడుస్తున్న కాలం ఎటు తోస్తే అటు పోవద్దని పౌలు అన్నది ఇలాంటి చోటే అని నాకు అనిపిస్తుంది. అధికారం, పరపతి, 'మన పని చెడిపోతుందేమో' అన్న భయం, ఇవి కూడా లోకమే. తుడుం చప్పుడు చెవికి వినిపిస్తుంది కాబట్టి దాన్ని లోకం అనడం సులువు. భయానికి చప్పుడు ఉండదు.

మిషనరీలందర్నీ ఒకే గాటన కట్టమని నేను చెప్పడం లేదు. లిపి వాళ్ళిచ్చిందే, బడులు వాళ్ళు పెట్టినవే. 2011 లెక్కల్లో మిజోరం అక్షరాస్యత 91.33 శాతం. ఆ సంఖ్య చూసినప్పుడల్లా మన మండలాల లెక్కలు గుర్తొచ్చి నాకు నిద్రపట్టదు.

అదే కాలంలో ఆడవాళ్ళు ఒక పని మొదలుపెట్టారు. 1910లో అనుకుంటూ అనుకుంటూ మొదలైన ఆ పనికి బుహ్‌ఫై థామ్ అని పేరు, పిడికెడు బియ్యం అని అర్థం. పూట పూటా వండే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే పాత్రలో వేయాలి. వారం తిరిగేసరికి ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, అమ్మి, ఆ డబ్బు చర్చి పనికి వాడతారు. డబ్బు కళ్ళచూడని ఇల్లాలు కూడా ఇవ్వగలిగిన కానుక అది. పొయ్యి దగ్గర రోజుకు రెండుసార్లు, 'ఇదంతా నాదే కాదు' అని చేత్తో చెప్పుకోవడం. కంటికి కనిపించిందల్లా కావాలనే ఆశను ఎలా గెలవాలో మిజో ఆడవాళ్ళు వేదిక ఎక్కి చెప్పలేదు, వంటింట్లో చేసి చూపించారు. నూరేళ్ళు దాటినా ఆ పిడికెడు ఆగలేదు. ఆ బియ్యంతోనే ఎందరో సువార్తికుల జీతాలు నడుస్తున్నాయి.

1911-12లో మౌతామ్ వచ్చింది. సుమారు యాభై ఏళ్ళకోసారి ఒక జాతి వెదురు కొండలన్నిటా ఒక్కసారే పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు లెక్కలేనన్నిగా పెరుగుతాయి, గింజలు అయిపోగానే పోళ్ళ మీద పడతాయి. పంట పోతుంది. మళ్ళీ 1959లో వచ్చిందీ అదే, 2007లో వచ్చిందీ అదే. ఆ కరవులో పూమా జై విందులు చల్లారిపోయాయి. దొరల గాదెలు ఖాళీ అయ్యాయి. క్రైస్తవులు ఉన్నది పంచుకున్న తీరు చూసి చాలామంది వాళ్ళ వైపు తిరిగారు. 1913లో రెండో ఉజ్జీవం వచ్చింది. 1911లో రెండు మూడు వేలకు మించని క్రైస్తవులు 1921 జనాభా లెక్కలకు పాతిక వేలు దాటారు.

ఆ మధ్యలో 1919 ఉంది. మూడో ఉజ్జీవం, ముందటి రెండింటికన్నా పెద్దది. జనం రోజుల తరబడి పాడారు. వేల్స్ బాణీలు వాళ్ళ గొంతుల్లో నెమ్మదిగా సాగి, వంగి, మిజో రాగాలైపోయాయి. అంతమంది కలిసి పాడేటప్పుడు తాళం నిలవాలంటే ఏదో ఒకటి కావాలి. డోలు తెచ్చారు. ఎవరో పెద్దలు కూర్చుని తీర్మానం చేసి తెచ్చింది కాదు. పాటకు అవసరమై వచ్చింది. కొందరు నాయకులు అభ్యంతరపెట్టారు. చిందులకు హద్దులు పెట్టారు. కానీ డోలు మళ్ళీ బయటికి పోలేదు.

ఇదివరకటి డోలే, అదే దుంగ, అదే చర్మం. పక్కన జూ కుండ మాత్రం లేదు. పాతికేళ్ళ ముందు రెండింటినీ కలిపి చూసిన కళ్ళు ఇప్పుడు విడదీసి చూడగలిగాయి. ఈ తేడా బయటివాళ్ళు చెప్పలేదు. జూ మానడానికి ఊళ్ళు వదిలినవాళ్ళే, ఆ నష్టం భరించినవాళ్ళే, డోలును లోపలికి పిలిచారు. అందుకే వాళ్ళను లోకానికి లొంగారని ఎవరూ అనలేకపోయారు. ఏది వదలాలో తెలిసినవాడికే ఏది ఉంచుకోవచ్చో చెప్పే హక్కు ఉంటుందేమో.

ఆ తర్వాత మిజోలే కీర్తనలు కట్టడం మొదలైంది. పాతెయా, కామ్‌లాలా వంటి కవులు ఆ తరం వాళ్ళే. వీటిని లెంఖోమ్ జై అంటారు, కూడి పాడే పాటలు. పరలోకం మీద ఆశ, ఈ బతుకు మీద దిగులు, కొండలు, పొగమంచు, పోయినవాళ్ళ తలపు, అన్నీ కలిసి ఉంటాయి.

అన్నీ చక్కగా జరిగాయని అనుకోకండి. 1937లో కెల్కాంగ్ అనే ఊళ్ళో ఉజ్జీవం అదుపు తప్పింది. దేవుడే తిండి పంపుతాడు, పోడు కొట్టనక్కర్లేదు అని చెప్పేవాళ్ళు బయల్దేరారు. లోకాన్ని వదలడమంటే పొలాన్ని వదలడమే అనుకున్నారు. సూపరింటెండెంట్ మెకాల్ బలగంతో వెళ్ళి నాయకుల్ని పట్టుకున్నాడు. చదువు మానేసి ప్రార్థన చేస్తే పరీక్ష పాసవుతామనే పిల్లలు నాకు ఏటా ఒకరిద్దరు తగులుతారు. వాళ్ళకు ఈ ఊరి కథ చెబుతాను.

జోల్‌బుక్ కూడా ఆ కాలంలోనే పోయింది. బడులు వచ్చాక తల్లిదండ్రులు పిల్లలు రాత్రిపూట ఇంట్లో ఉండి చదువుకోవాలనుకున్నారు. 1926లో ప్యారీ అనే సూపరింటెండెంట్ ప్రతి ఊళ్ళో జోల్‌బుక్ ఉండి తీరాలని హుకుం జారీ చేశాడు. జనం మనసు తప్పిన దాన్ని హుకుం నిలబెట్టలేకపోయింది. 1938 నాటికి దాన్ని అధికారికంగానే ముగించారు. నాకు దీని మీద బెంగే. పాత పాటలు కొన్ని, పాత కథలు కొన్ని జోల్‌బుక్ నిప్పు చుట్టూ తప్ప ఇంకెక్కడా చెప్పుకునేవారు కాదు. అవి మళ్ళీ రావు.

కానీ ఇల్లు కూలాక అందులోని గుణం ఎక్కడికి పోవాలి? ఈ ఆలోచనతోనే 1935 జూన్ 15న ఐజ్వాల్‌లో మిషనరీలూ మిజో పెద్దలూ కలిసి ఒక యువజన సంఘం పెట్టారు. మొదటి పేరు యంగ్ లుషాయ్ అసోసియేషన్, 1947లో అది యంగ్ మిజో అసోసియేషన్ అయింది. తీరిక సమయాన్ని సద్వినియోగం చేసుకోవడం, మిజో సమాజం బాగుకోరడం, క్రైస్తవ నీతిని గౌరవించడం దాని ఆశయాలు. మన సాంస్కృతిక సంఘంలో సభ్యత్వ రుసుం ఎగ్గొట్టే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఆ సంఘం శాఖ లేని మిజో ఊరు కనబడదు.

అది ఏం చేస్తుందో ఒక్కటి చెబుతాను. ఊళ్ళో ఎవరైనా పోతే కబురు అందగానే ఆ సంఘం పిల్లలు వస్తారు. పిలవక్కర్లేదు, కూలి అడగరు. గొయ్యి వాళ్ళే తవ్వుతారు. కట్టెలు, నీళ్ళు వాళ్ళే చూస్తారు. రాత్రికి అదే ఇంట్లో ఊరు ఊరంతా కిక్కిరిసి కూర్చుంటుంది. టీ కాస్తారు. ఒకరు డోలు ముందు పెట్టుకుంటారు. కట్టిన పాతెయా ఎప్పుడో పోయాడు, అయినా ఆయన కీర్తనలు ఆ ఇంట్లో మళ్ళీ లేస్తాయి. డోలు మెల్లగా, ఒకే తూకంలో మోగుతుంది. పోయినవారి తల్లి పక్కన ఇద్దరు కుర్రవాళ్ళు తెల్లారేదాకా కూర్చుంటారు.